నిప్పు బయట, నీళ్ళు లోపల

పాశ్చాత్య దేశాలలో మోటారు కారు వెనుక తగిలించుకొని తీసుకొనిపోయే చిన్న ఇండ్లు ఉన్నవి. పడక, పొయ్యి, స్నానపు గది అన్నీ ఆ బండిలోనే. విహారానికి బయలుదేరినవారికి అందులో ఎదురయ్యే పెద్ద చిక్కులు వేడినీళ్ళు, రాత్రి చలి అని విన్నప్పుడు మాకు నవ్వు వచ్చింది. శాలిబండ వెనుక గల్లీలో మేము కాపురముంటున్న గది అంతకంటె పెద్దదేమీ కాదు. చక్రాలు లేవు, అంతే. పైగా వర్తకుల బిడారులు విడిసిన పేటకు కార్వాన్ అనే పేరు నిలిచిపోయిన నగరం మనది. కనుక వారి సమస్యను మా సమస్యగానే ఎంచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

హైదరాబాదు చలి ఒక చలియా అని ఉత్తరాది మిత్రులు అనవచ్చును. 1946 జనవరి 8వ తేదీన ఇక్కడ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలకు దిగింది. అంత లేకున్నా, డిసెంబరులో ఫజర్ నమాజు వేళ వజూకై కుళాయి క్రింద చేయి పెట్టినవారికి సాక్ష్యం అక్కరలేదు.

మా బాల్యంలో ఇంటి నడిమి వాకిట రాగి హమాము ఉండేది. నిలువెత్తు బిందె వంటి దాని నడుమ ఒక గొట్టం, గొట్టం చుట్టూ నీళ్ళు. క్రింద కట్టె పేళ్ళు, బొగ్గులు వేస్తే పొగ పైకి పోయేది, వేడి నీళ్ళకు అందేది. ప్రక్కనున్న కుళాయి త్రిప్పి ఒక బకెట్టు వేడినీళ్ళు పట్టుకొని, పైనుంచి ఒక బకెట్టు చన్నీళ్ళు పోయాలన్నది ఇంటి శాసనం. తప్పినవారికి నానీమా చేతి మొట్టికాయ. ఈద్ ముందు చింతపండుతో తోమితే అది పెండ్లికూతురివలె మెరిసేది. తరువాత అన్నదమ్ములు వాటాలు పంచుకొన్నారు. వాకిలిపై రేకులు పడినవి, దాని క్రింద రెండు గదులు లేచినవి. హమాము తూకానికి పోయింది. అప్పటివరకు ఆకాశం క్రింద మండిన నిప్పు, వాకిలి పోగానే మనుషులు పడుకొనే గదిలోనికి వచ్చింది. పాతబస్తీలో ఇది మా ఒక్క ఇంటి కథ కాదు.

కొన్ని సంవత్సరాల క్రితం ప్రక్క వాటాలోని ఖాలాజాన్ కుమార్తె పురిటికి వచ్చింది. చిల్లా గడవని బాలింత. గాలి తగులరాదని తలుపు సందులలో గుడ్డలు క్రుక్కి, మంచం క్రింద బొగ్గుల కుంపటి ఉంచారు. బిడ్డ ఆ రాత్రి నానీ వద్ద వేరు గదిలో ఉన్నది. తెల్లవారుజామున పాలకై ఏడ్చే బిడ్డను తెచ్చి తలుపు తడితే తల్లి పలుకలేదు. తలుపు త్రోసి, ఆమెను మెట్లమీదికి మోసుకొని వచ్చాము. "పొగ కూడా లేదు కదా బేటా, నిప్పులు ఎర్రగానే ఉన్నాయి కదా!" అని ఖాలాజాన్ అదే మాట మరల మరల అన్నది. ఆసుపత్రిలో ప్రాణవాయువు అందించగా మధ్యాహ్నానికి ఆ పిల్ల కన్ను తెరిచింది.

పొగ లేకపోవుటయే అక్కడి మోసం. గాలి చాలని చోట బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు మించిన బలంతో పట్టుకొంటుంది. వంటగ్యాసు కారితే తెలియుటకు దుర్వాసన గల పదార్థం కలుపుతారు. ఈ విషానికి అట్టి హెచ్చరిక లేదు.

గ్యాసు గీజరు వచ్చిన తరువాత బొగ్గు పోయింది గాని భయం పోలేదు. 1868లో లండనులో బెంజమిన్ మాఘన్ అనే ఆయన మొదటి గీజరును నిర్మించినప్పుడు కాలిన వాయువు పోవుటకు గొట్టమే అమర్చలేదు. నేటికీ కిటికీ లేని స్నానపు గదిలో గీజరు బిగించి తలుపు మూసుకొనువారు ఆ లండను పొరపాటునే ఇక్కడ మరల చేస్తున్నారు. ఇక ఇమర్షన్ రాడ్డు. 15 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుండి 45కు తెచ్చుటకు 1500 వాట్ల రాడ్డుకు సుమారు 18 నిమిషాలు చాలును. కాని అది లాగే 6.5 ఆంపియర్లకు 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు చాలదు. స్విచ్చి ఆపక ముందే నీళ్ళలో వేలు పెట్టి చూచే అలవాటు మన ఇండ్లలో ఎవరికి లేదు?

బండి ఇండ్లవారు కనుగొన్న ఉపాయం మాకు నచ్చింది. ఇప్పటి మేలైన హీటర్లలో మంట మూసిన పెట్టెలో ఉంటుంది. బయటి గాలినే పీల్చి, కాలిన వాయువును బయటికే వదలుతుంది. లోపలికి వచ్చేది వేడి ఒక్కటే. మన పూర్వులకు ఇది క్రొత్త కాదు. గోల్కొండ సమీపాన కుతుబ్ షాహీ సమాధుల నడుమ నిలిచిన 16వ శతాబ్దపు హమాములో వేడినీళ్ళు, చన్నీళ్ళు గోడలలోని మట్టి గొట్టాల ద్వారా స్నానశాలకు వచ్చేవి.

గత చలికాలం మేము, ఖాలాజాన్ వాళ్ళు చెరిసగం వేసుకొని ఒక గీజరు కొన్నాము. మెట్ల ప్రక్కన, గాలి ఆడే చోట దానిని బిగించి, నీళ్ళ గొట్టం మాత్రం గోడ గుండా లోపలికి తెచ్చాము. ఇంటి యజమాని గోడకు రంధ్రమా అని వారం దినాలు ఒప్పుకొనలేదు. చివరకు ఖాలాజాన్ మనుమరాలిని ఎత్తుకొని పోయి ఆయన ముందు కూర్చున్నది. ఇల్లు ఖాళీ చేయునాడు రంధ్రం మా ఖర్చుతో పూడ్చవలెనని కాగితం వ్రాయించుకొని అనుమతించినారు.