గీకినావా?

మొదటి ఏడాది తుప్పు మీదే రంగు వేశాను.

పడవ ట్రెయిలర్ అది. మిషిగన్‌లో చిన్నా పెద్దా కలిపి 11,000కు పైగా సరస్సులున్నాయి. మా వీధిలో సగం గరాజుల ముందు ఏదో ఒక పడవ ఉంటుంది. చూసి చూసి నేనూ 14 అడుగుల అల్యూమినియం పడవొకటి ట్రెయిలర్‌తో సహా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పడవ బానే ఉంది. ట్రెయిలరే, ఎన్ని చలికాలాల రోడ్డు ఉప్పు తిందో, పొరలు పొరలుగా లేచిపోయింది. పైపైన గరుకు కాగితం రుద్ది, రెండు డబ్బాల నల్ల రంగు స్ప్రే కొట్టి, ఫొటో తీసి విశాఖలో ఉన్న నాన్నకి పంపాను.

వెంటనే ఫోన్. "గీకినావా?"

"గీకాను నాన్నా."

"ఉప్పు కడిగినావా?"

కడగలేదు. ఉప్పు రంగు కింద ఉండిపోతే తేమని లాక్కుంటుందట. మళ్ళీ ఏప్రిల్‌కి నా నల్ల రంగు అప్పడంలా పొంగింది.

నాన్న ఓడలకు రంగు వేసేవాడు. సింధియా వైపు, మరమ్మతుకొచ్చిన ఓడల మీద, ఒక కాంట్రాక్టరు కింద. రంగు వెయ్యడం అంటాం గానీ అది చివర్లో వచ్చే పని. ముందంతా చిప్పింగే: చిన్న సుత్తితో కొట్టుకుంటూ, తుప్పు రాల్చుకుంటూ, ఓడ పొడుగునా పోవడం. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మల్లో ఎర్ర పొడి. అది తుప్పో, రెడ్ ఆక్సైడో అమ్మకి కూడా తెలిసేది కాదు. ఇంజనీరింగ్ హాస్టల్లో ఎవరైనా అడిగితే "మా నాన్న షిప్పింగ్‌లో" అనేవాణ్ణి. అబద్ధం కాదు కదా! ఇక్కడికొచ్చాక కూడా ఆ మాట మార్చాల్సిన అవసరం రాలేదు.

ఈసారి వీడియో కాల్ పెట్టి, ఫోన్‌ని బకెట్‌కి ఆనించి మొదలుపెట్టాను. మాకు పొద్దున 7 అంటే ఆయనకి సాయంత్రం నాలుగున్నర. పడవ దింపి, చక్రాలు విప్పి, చట్రాన్ని స్టాండ్ల మీద నిలబెట్టి, సబ్బునీళ్ళతో కడిగి, పైపు పెట్టి ధారగా మంచినీళ్ళు కొట్టాను. ఆరాక సుత్తి అందుకోమన్నాడు.

"ఖంగుమంటే ఇనుము. బద్దుమంటే ఆగు."

ఇరుసుకి కాస్త వెనక, అడ్డ కమ్మీ అతికిన చోట బద్దుమంది. స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే అవతలికి దిగిపోయింది. పోయిన వేసవంతా అదే చట్రం మీద పడవని కట్టుకుని, వెనక సీట్లో పాపని కూర్చోబెట్టుకుని, హైవే మీద తిరిగాను.

ఆ ముక్క కోయించి కొత్తది వెల్డింగ్ చేయించాక, గ్రైండర్‌కి తీగల బ్రష్ తగిలించి మిగతాది దులిపాను. రెండు వైపులా ఫిల్టర్లున్న మాస్క్ పెట్టుకున్నాను.

"మొహానికి అదేట్రా?"

"పాత రంగులో సీసం ఉండొచ్చు నాన్నా. ఆ పొడి పీలిస్తే..." అని ఆగిపోయాను.

నాన్న కాసేపు ఏమీ అనలేదు. "మాకు తువ్వాలుండీది," అన్నాడు.

ఆ దగ్గు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. వీధి మలుపులో వినపడగానే పుస్తకం తీసేవాణ్ణి.

బ్రష్ దూరని మూలల్లో తుప్పుని నల్లటి పొరగా మార్చే ద్రావణం పూశాను. అందులో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుందని చెబితే ఆయనకి నమ్మకం కలగలేదు. "మందేస్తే పని తప్పిపోద్దనుకోకు." ప్రైమర్ దగ్గర మాత్రం అసలు వదల్లేదు. రంగు అంచుల మీద నిలవదు, పలచబడిపోతుంది. అందుకని అంచులకీ, వెల్డింగ్ అతుకులకీ ముందు కుంచెతో విడిగా ఒక పూత, ఆ తర్వాతే చట్రమంతా. దానికే ఒక ఆదివారం పోయింది.

పక్కింటాయన కంచె దగ్గర ఆగి, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. మా నాన్న ఓడలకు రంగు వేసేవాడని చెప్పాను. ఇంగ్లీషులో ఆ వాక్యం అనడం అదే మొదటిసారి.

"ఏటంటన్నాడు?" ఫోన్లోంచి నాన్న.

చెప్పాను.

"సర్లే, అడుగు వైపు చూపించు."

ఫోన్ పట్టుకుని ట్రెయిలర్ కిందికి వెల్లకిలా దూరాను.

"ఎడం పక్క. ఇంకొంచెం లోపలికి. అదిగో, అక్కడ వదిలీసినావు."