కాటుక రేఖ

మీనాక్షి, పద్మాక్షి, విశాలాక్షి – బహువ్రీహి సమాసానికి ఉదాహరణలుగా 30 ఏళ్ళు చెప్పానే గాని, కన్నుల తీరును బట్టి కాటుక తీరు మారుతుందని ఎరుగను. మా ఆవిడకు చేతివణుకు వచ్చాక ఆ పని నాకు సంక్రమించింది.

తొలినాడు కన్ను చుట్టూ దట్టంగా దిద్దాను. ఆమె అద్దం చూసుకొని, "చిన్నకళ్ళకు చుట్టూ పెడితే మరీ చిన్నవవుతాయండీ. పైరెప్ప అంచున, నడిమి నుండి కొసకు సన్నగా లాగండి" అన్నది. వయసుతో కనుకొలకులు వాలినందున, రేఖను కొసదాకా పోనీయక కాస్త ముందే పైకి త్రిప్పాలట. విశాల నేత్రాలకైతే లోపలి అంచున నిండుగా పెట్టినా శోభేనట.

మిత్రులారా, 40 ఏళ్ళుగా ఎదుటనున్న ఆ కన్నులను అంత దగ్గరగా చూడటం నాకదే మొదలు. ఎడమకంటి రేఖ నేటికీ వంకరపోతుంది, ఆమె తుడిపించుకోదు.