న్యూ సెటిల్‌మెంట్ ఊపిరి

ఖరగ్‌పూర్‌ను కన్నది రైలు పట్టాలే. నాటి బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువుకు ఉత్తరాంధ్ర నుంచి తరలిన కుటుంబాల వారసులు నేటికీ న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో తెలుగు మాట్లాడుతున్నారు. బొగ్గు ఇంజన్ పోయి డీజిల్ వచ్చింది. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ పరిశోధనా విభాగం 2012లో తేల్చింది. చుట్ట, బీడీ సరేసరి.

అమెరికాలో పొగ తాగే, ఒకప్పుడు తాగిన 53 వేలమందికి పైగా జనంపై జరిగిన అధ్యయనం 2011లో వెలువడింది. ఎక్స్‌రేతో పోలిస్తే తక్కువ మోతాదు సీటీ స్కాన్ ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలను 20 శాతం తగ్గించింది. ఆ మేలు అన్ని రకాలకూ సమానం కాదు. అంచుల్లో నెమ్మదిగా పెరిగే అడినోకార్సినోమా స్కాన్‌కు చిక్కుతుంది. స్మాల్‌సెల్ రకం రెండు స్కాన్‌ల నడుమనే పాకిపోతుంది. పాత క్షయ మచ్చలు సైతం గడ్డలుగా కనిపించి భయపెడతాయి.

జాతీయ పరీక్షల కార్యక్రమంలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే చోటుంది. అందరికీ స్కాన్ అనడం నినాదం. ముప్పు ఎక్కువున్నవారిని ముందు పిలవడం విధానం. విశ్రాంత కార్మికుడి సర్వీసు రిజిస్టరూ, వైద్య కార్డూ రైల్వేవే. పొగ అలవాటు ఒక్కటి అడిగి రాసుకుంటే ఆ వరుస తేలుతుంది. స్కాన్‌కు అందని రకానికి అడ్డుకట్ట మాత్రం పొగ మానిపించడమే.