గ్లౌజు దూరని చేయి

కుడతినిలో మా మిద్దె ఎక్కితే థర్మల్ పవర్ స్టేషన్ పొగగొట్టాలు కనబడతాయి. ఎండాకాలం రాత్రి పదింటికి కూడా గోడలు వేడిగానే ఉంటాయి. అలాంటి ఊళ్లో ఒంటి వేడి పోకుండా ఓ బట్ట కుట్టివ్వమంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు.

నేను బళ్లారిలో జీన్స్ కుట్టేవాణ్ణి. కరోనా రోజుల్లో పని తగ్గి ఊరు చేరాను. 2021 సెప్టెంబరు 15 నుంచి 21 దాకా తోరణగల్లు దగ్గర విజయనగరలో, ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్‌లో పురుషుల జాతీయ బాక్సింగ్ పోటీలు జరిగాయి. తెలిసినాయన ఒకరు చెబితే అక్కడ వారం రోజులు టవళ్లు మోసే పని దొరికింది. నిజామాబాద్ బాక్సర్ హుసాముద్దీన్ సర్వీసెస్ (సైనిక దళాల) జట్టు తరఫున దిగాడు. 2018 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం తెచ్చిన మనవాడు. తెలుగులో పలకరించాలని ఉన్నా, పోటీ ముందు ఆ ముఖం చూసి ఆగిపోయాను.

గుద్దులాట కంటే దాని ముందు కాచుకుని ఉండటమే నాకు ఎక్కువ గుర్తుండిపోయింది. కుర్రాళ్లు తాడాట ఆడి, ప్యాడ్ల మీద గుద్ది, చెమటతో తడిసి సిద్ధమయ్యేవారు. ఇంతలో ముందు బౌటు సాగేది. ఫ్యాన్ గాలికి చెమట ఆరిపోయేది. ఒకడు జాకెట్టు కప్పుకునేవాడు, ఇంకొకడు నా చేతిలోని టవల్ లాక్కుని మెడకు చుట్టుకునేవాడు. ఒళ్లు చల్లబడితే కండ బిగుసుకుంటుందని, బిగుసుకున్న భుజంతో రింగెక్కితే చెయ్యి ఆలస్యంగా లేస్తుందని ఓ పెద్ద కోచ్ చెప్పాడు. అప్పుడు మా తాత గుర్తొచ్చాడు. గరిడీ మనిషి. కుస్తీకి పిలుపు వచ్చేదాకా మే నెలలో కూడా భుజాల మీది కంబళి తీసేవాడు కాదు.

ఆ తర్వాత నెలకే మా వీధిలో బాక్సింగ్ నేర్చుకునే పిల్లాడు వచ్చి, "అన్నా, నాకో రోబు కుట్టియ్యి" అన్నాడు. రోబు అంటే బాక్సర్లు రింగెక్కేదాకా కప్పుకునే పొడుగు గౌను. ఫోన్లో ముహమ్మద్ అలీ బొమ్మ చూపించాడు. ఎల్విస్ ప్రెస్లీ ఇచ్చిన రోబు అది, రాళ్లు పొదిగి, వీపున "పీపుల్స్ ఛాయిస్" అని రాసి ఉంది. 1973 మార్చిలో కెన్ నార్టన్‌తో పోరుకు అలీ అదే వేసుకుని వచ్చాడు. ఆ రాత్రి దవడ విరిగి ఓడిపోయాడు. ఒళ్లు కప్పుకునే అలవాటు మాత్రం పాతదే. పాతకాలం ఇంగ్లండులో ఆరుబయట, ఒట్టి చేతులతో కొట్టుకునేవాళ్లు పందెం మొదలయ్యేదాకా పెద్ద కోట్లు కప్పుకునేవారట. ఆ కోటు పోయి గౌను వచ్చింది, గౌను మీదికి పట్టు, సాటిన్, పేర్లు వచ్చాయి. మైక్ టైసన్ అవన్నీ వద్దని, టవల్‌కు మధ్యలో కంత చేసి తల దూర్చుకుని వచ్చేవాడు.

నేను మాత్రం మెరుపు చూసే మోసపోయాను. ఎర్ర సాటిన్ తెచ్చి, చొక్కా కొలతకే చేతులు కత్తిరించి, వీపున పేరు కుట్టాను. పోటీ రోజు వాడు గ్లౌజులు కట్టించుకున్నాక రోబు అందించాను. రోబు చేతుల్లో గ్లౌజు దూరలేదు. పిలుపు వచ్చేసింది. వాడు రోబు నాకే ఇచ్చి, వణుకుతూ వెళ్లాడు. ఆ రోజు ఓడిపోయాడు. నావల్లేనని ఎవరూ అనలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారి కుట్లన్నీ విప్పాను. చేతి మూతి గ్లౌజు సులువుగా దూరేంత వెడల్పు చేశాను. లోపల టర్కీ టవల్ గుడ్డ వేశాను, సాటిన్ చెమట పీల్చదు గనక. గుండీలు తీసేసి నాడా పెట్టాను, అదీ ఒక్క లాగుతో ఊడేలా. గ్లౌజు వేసినవాడు ముడి విప్పుకోలేడు, పక్కనున్నవాడే విప్పాలి. చెవులు మూసేలా టోపీ కుట్టాను.

తర్వాతి పోటీకి నన్నూ రమ్మన్నాడు. ముందు బౌటు మూడు రౌండ్లూ సాగింది. రోబు లోపల వాడు కాళ్లు ఆడిస్తూనే ఉన్నాడు. పేరు పిలిచారు. నాడా లాగి, భుజాల మీంచి తీసుకున్నాను. టవల్ గుడ్డ తడిగా, వెచ్చగా ఉంది. దాన్ని మడవకుండా ఒళ్లో పెట్టుకుని రింగు వైపు చూస్తూ కూర్చున్నాను.