పేరు చూడని రూలు

మా నోయిడా పార్కులో సాయంత్రం నలుగురు తెలుగువాళ్ళం చేరితే మాట క్రికెట్ మీదికి మళ్ళక మానదు. మొన్న ఒకాయన, "షమీ ముస్లిం కాబట్టే 2018లో బోర్డు కాంట్రాక్టు ఆపింది" అన్నారు. ఇంకొకాయన, "మరి 2019లో పాండ్యానీ, రాహుల్‌నీ సస్పెండ్ చెయ్యలేదా? వాళ్ళు ముస్లింలా?" అని కొట్టిపారేశారు. ఇద్దరూ తీర్పు ముందే రాసుకుని, తర్వాత సాక్ష్యం వెతుక్కున్నారు.

ఆ తప్పు నేనూ చేశాను. 2000 డిసెంబరులో మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారంలో అజారుద్దీన్‌పై జీవితకాల నిషేధం పడినప్పుడు, మన హైదరాబాదీని బలి చేశారని ఆఫీసులో గట్టిగా వాదించాను. తాను మైనారిటీ కావడం వల్లే ఇదంతా అని అజర్ కూడా అప్పట్లో అన్నాడు. కానీ ఢిల్లీ ఆటగాడు అజయ్ శర్మకీ అదే శిక్ష పడింది. ఆ సంగతిని నా వాదనలోకి రానివ్వలేదు. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిషేధం చెల్లదంటే నేనే గెలిచాననుకున్నాను. నిషేధం చట్టరీత్యా చెల్లదనడం వేరు, పక్షపాతంతో వేశారనడం వేరు.

సరే, మైదానం బయటి తప్పుల సంగతి చూద్దాం.

1988లో పాటియాలా రోడ్డు మీద జరిగిన గొడవలో ఒక పెద్దాయన చనిపోయాడు. కేసు సిద్ధూ మీద. అతను 1999 దాకా ఆడాడు. కేసు మాత్రం 2022లో సుప్రీంకోర్టు ఏడాది జైలు విధించేదాకా నడిచింది.

2018 మార్చిలో భార్య ఆరోపణలు చేయగానే షమీ కాంట్రాక్టు ఆగింది. అవినీతి కోణం ఒక్కటే విచారించి, అది లేదని తేలాక అదే నెలలో ఇచ్చేశారు.

2019 జనవరిలో టీవీ కార్యక్రమంలో ఆడవాళ్ళ గురించి చవకబారుగా మాట్లాడినందుకు పాండ్యా, రాహుల్‌లను ఆస్ట్రేలియా నుంచి వెనక్కి పిలిచారు. తర్వాత ఒక్కొక్కరికి 20 లక్షల జరిమానా.

ప్రాణం పోయిన కేసులో ఆట ఆగలేదు. నోటి దురుసుకి ఆగింది. ఆరోపణ రుజువయ్యేదాకా ఆడనివ్వడం న్యాయమే కావచ్చు. అయితే అది అందరికీ ఉండాలి కదా!

ఈ మూడు కేసులతో మతపక్షపాతం రుజువు కాదు. లేదనీ రుజువు కాదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. కొలబద్ద ఒకటే అయితే తేడా ఎక్కడొచ్చిందో పట్టుకోవచ్చు. ఒక్కో కేసుకి ఒక్కో కొలబద్ద అయితే ఎవరి అనుమానం వారిదే. అమెరికాలో ఆ అనుమానం ఒంటిరంగు మీదికి పోతుంది, మన దగ్గర మతం, కులం, ప్రాంతం మీదికి.

నేను రక్షణ శాఖ లెక్కల్లో పనిచేశాను. మాకు 1965 నాటి సీసీఎస్ రూల్స్ ఉండేవి. ఉద్యోగి 48 గంటలు మించి కస్టడీలో ఉంటే సస్పెండైనట్టే. గుమాస్తా అయినా అంతే, ఆఫీసరైనా అంతే. సస్పెన్షన్ శిక్ష కాదు, జీవనభృతి ఇస్తారు. శిక్ష వెయ్యాలంటే ఛార్జిషీటు, జవాబు, విచారణ. ఆ రూల్స్‌ని అమలుచేసేవాళ్ళంతా పుణ్యాత్ములని నేననను. కాకపోతే తప్పు చేస్తే ఫైల్లో దొరికిపోతారు.

బోర్డు పెద్దల మనసులో ఏముందో మనం చూడలేం. ఏ తప్పుకి ఏం చేస్తారో ముందే రాసి పెట్టమనీ, చేసినదానికి కారణం బయటపెట్టమనీ అడగగలం. పార్కులో నా మిత్రులిద్దరికీ ఇదే చెప్పాను. ఇద్దరూ ఒప్పుకోలేదు!