సైన్యమునుండి కళాశాలకు

మేము ముగ్గురము ఈ చింతాద్రిపేటలోనే తెలుగున ఓనమాలు దిద్దినవారము. పదునెనిమిదవ యేట సైన్యమున చేరి, పదునేడేండ్లు కొలువు చేసి, పింఛనుతో ఇల్లు చేరితిమి. ముప్పదియైదవ యేట వీధి అరుగుపై కూర్చుండుట యెట్లు? పట్టభద్రులము కానిదే మంచి యుద్యోగము దొరకదని తలచి, ముగ్గురమును ఒక సాయంకాల కళాశాలలో బి.కాం. తరగతిలో చేరితిమి.

మొదటి దినమున మేము గదిలో అడుగిడగానే పిల్లలందరును లేచి నిలిచిరి. మమ్ము అధ్యాపకులనుకొనిరట! నిజము తెలిసి నవ్విరి, మేమును నవ్వితిమి. హాజరు పిలిచినపుడు మా "యస్ సర్" ప్రక్క గదికి వినబడెడిది. ఇవి చిన్న చిక్కులు.

అసలు చిక్కు వేరు. సైన్యమున ప్రతి సిపాయికిని ఒక జతగాడుండును. వానిని బడ్డీ యందురు. కావలి కాయునపుడు, కొండ యెక్కునపుడు, జ్వరము వచ్చినపుడు ఒకరికొకరు పూచీ. రాత్రి లెక్కకు ఒక మనిషి తగ్గిన నెవరికిని నిదుర రాదు. కళాశాలలో గంట కొట్టగానే యెవరి దారి వారిది. ఒకడు నెల దినములు రాకున్నను హాజరు పట్టీలో గీత పడును, అంతియే.

మాలో ఒకడు మొదటి పరీక్షల పిదప రాక మానెను. నాలుగవనాడు మిగిలిన యిద్దరము వాని యింటికి పోతిమి. తలుపు దగ్గరనే నిలిచి, "లెక్కలు రాక కాదురా. అక్కడ మంచులో మాటాడకున్నా పక్కన మనిషి ఉండేవాడు. ఇక్కడ అరవై మంది నడుమ ఒంటరినయ్యాను" అనెను. ఇల్లాలు లోపలినుండి, "రాత్రుళ్లు నిద్ర లేదన్నయ్యా, మీరైనా చెప్పండి" అనెను. చెప్పుటకు మాకడ నేమియు లేదు. కూర్చుంటిమి. టీ త్రాగితిమి. మరునాటి సాయంకాలము ముగ్గురమును కలిసియే బయలుదేరవలెనని మాత్రము నిశ్చయమైనది.

అప్పటినుండి ప్రతి యాదివారమును మే డే పార్కులో ఒక బల్లపై కూడుచున్నాము. మాలో ఒకడు సైన్యమున గుమాస్తా. జమాఖర్చులు వానికి మంచినీళ్లు త్రాగినంత సులువు. తరగతిలోని తెలుగు పిల్లవాడొకడు "బాబాయిగారూ" అనుచు వచ్చి, కంప్యూటరులో పట్టికలు వేయుట నేర్పును. పోలీసు పరీక్షకై వానికి పరుగు నేర్పుట మా వంతు.

తెలుగువారికి సిపాయి కొలువు క్రొత్త కాదు. ఉత్తరదేశమున నొకప్పుడు సిపాయిలను తిలంగాలనియే పిలిచెడివారు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరమును నేటికిని మిలిటరీ మాధవరమందురు. అట్టి యూరికి తిరిగివచ్చినవానికి అరుగరుగునను తన కష్టమెరిగినవారు కనబడుదురు, పట్టణమున వెదకికొనవలెను. అమెరికాలో 1944 నాటి చట్టముచే యుద్ధమునుండి వచ్చినవారి చదువు వ్యయమును ప్రభుత్వమే భరించెను. 1947లో అచటి కళాశాలలలో చేరినవారిలో సుమారు సగము మంది వారే. ధనముకంటె ఆ తోడే వారికెక్కువ మేలు చేసియుండునని మా తలంపు.

తల్లిదండ్రులకిది చెప్పుటకు కారణము కలదు. 2022లో ప్రకటింపబడిన అగ్నిపథ పథకమున సేవాకాలము 4 సంవత్సరములే. నూటికి 25 మందికి మించి సైన్యమున నిలుపరు. తక్కినవారు ఇరువది రెండు, ఇరువది మూడేండ్లకే యిల్లు చేరుదురు. వారి సైనిక శిక్షణను పట్టాకు లెక్కించు ఏర్పాటును ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము చేసినది. చదువునకు త్రోవ దొరకినది. ప్రక్క బల్లపై కూర్చుండు మనిషిని మాత్రము ఏ పథకమును ఈయలేదు. మీ యింట నట్టివాడున్నచో ఆదివారము నాలుగు గంటలకు పార్కునకు పంపుడు. మా బల్లపై చోటున్నది.

మా మిత్రుడు ఈ యేటి పరీక్షలన్నియు వ్రాసెను. లెక్కల పత్రము మిక్కిలి కఠినమని యింకను గొణుగుచున్నాడు.