మన అడవి కథను ఎవరు చెబుతారు?

మీ పిల్లలను ఒక ప్రశ్న అడిగి చూడండి. సింహాల సినిమా అనగానే వారికి ఎవరి గొంతు గుర్తుకొస్తుంది? నాకైతే ఒక ఇంగ్లీషు దొర గొంతే గుర్తుకొస్తుంది. మన దేశంలో టీవీ 1976లో మొదలైంది. మా ఇంట్లో తాత, అవ్వ, పిల్లలం అందరం చాప మీద కూర్చుని చూసేవాళ్లం. సింహం ఆఫ్రికాది, గొంతు మాత్రం ఇంగ్లండుది. జాడ చూపిన జులూ మనిషి ఒక్క క్షణం కనిపించేవాడు. అతని పేరు ఎవరూ చెప్పేవారు కాదు.

డర్బన్ నుంచి కారులో సుమారు మూడు గంటలు వెళితే హ్లుహ్లువే-ఇంఫొలోజి అడవి వస్తుంది. ఒకప్పుడు దక్షిణాఫ్రికా తెల్ల ఖడ్గమృగాలు దాదాపు అంతరించిపోయాయి. మిగిలిన కొన్ని ఈ అడవిలోనే బతికాయి. 1960లలో ఇయాన్ ప్లేయర్ బృందం వాటిని పట్టి ఇతర అడవులకు పంపింది. ఆయన పేరు చాలామందికి తెలుసు. ఆయనకు అడవిని నేర్పిన మగ్కుబు న్టొంబెలా పేరు మీరు విన్నారా? ప్లేయరే ఆయనను తన గురువుగా చెప్పుకున్నారు. కెమెరా ఎవరి చేతిలో ఉందో, వారికి తెలిసిన పేర్లే లోకానికి చేరతాయి.

అందుకే వన్యప్రాణుల చిత్రోత్సవాలు ముఖ్యమని నేను అంటాను. అవి కేవలం సినిమాలు చూసే చోట్లు కావు, ఒక రకంగా సంతలు కూడా. ఇంగ్లండులో వైల్డ్‌స్క్రీన్, అమెరికాలో జాక్సన్ వైల్డ్ పేరున్నవి. టీవీ చానెళ్లవారు అక్కడికి వచ్చి సినిమాలు కొంటారు, కొత్త సినిమాలకు డబ్బు పెడతారు. అడవి సినిమా తీయాలంటే నెలల తరబడి కాచుకుని ఉండాలి. డబ్బు లేనిదే అది సాగదు.

కేప్ టౌన్ దగ్గర సముద్రంలో తీసిన 'మై ఆక్టోపస్ టీచర్' జాక్సన్ వైల్డ్‌లో పెద్ద బహుమతి గెలిచింది. 2021లో ఆస్కార్ కూడా వచ్చింది. ఆ సినిమా వల్ల అక్కడి నీటి అడుగు అడవి గురించి లోకానికంతా తెలిసింది.

కానీ వీసా, విమానం టికెట్, ప్రవేశ రుసుము అందరికీ అందవు. కాబట్టి సంత మన ఊరికే రావాలి. నోయెల్ కోక్, ప్రజ్ఞా పర్సోతమ్-కోక్ అనే దంపతులు మన క్వాజులు-నటాల్‌లోనే న్యూఫ్ అనే సంస్థను పెట్టారు. అది ఆఫ్రికా చిత్రకారులను, శాస్త్రజ్ఞులను ఒక చోట చేరుస్తుంది. సొద్వానా బే దగ్గర యువతకు సముద్రంలో మునగడం, నీటి అడుగున కెమెరా పట్టడం నేర్పుతుంది. కెన్యాలో పౌలా కహుంబు 'వైల్డ్‌లైఫ్ వారియర్స్' అనే టీవీ కార్యక్రమం నడిపారు. అందులో కెన్యా శాస్త్రజ్ఞుల పనిని కెన్యా ప్రజలకే చూపించారు.

"బహుమతి వస్తే జంతువు బతుకుతుందా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2023లో మన దేశంలో వేటగాళ్లు 499 ఖడ్గమృగాలను చంపారు. వాటిలో 325 మన ప్రాంతంలోనే పోయాయి. సినిమా తుపాకీని ఆపలేదు. కానీ అడవి పక్కన కాపురముండేవారు తలచుకుంటేనే అడవి నిలుస్తుంది. ఏనుగు మొక్కజొన్న చేను తొక్కితే నష్టం వారిదే. ఆ నష్టాన్ని కూడా చూపే సినిమాను వారు నమ్ముతారు. అలాంటి సినిమా వారిలో ఒకరే బాగా తీయగలరు.

ఈ మాట మనకు కొత్త కాదు. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. ఆ ఓడలోనూ, తరువాతి ఓడల్లోనూ వచ్చిన మన పెద్దలను దొరలు జాబితాలలో రాసుకున్నారు. నంబరు, తండ్రి పేరు, ఊరు రాశారు. వారి మాట మాత్రం రాయలేదు. చెరకు తోటల కథలు మనకు అవ్వల నోటి నుంచే వచ్చాయి.

కాబట్టి మీకు ఒక చిన్న పని చెబుతాను. డర్బన్ అంతర్జాతీయ చిత్రోత్సవం 1979 నుంచి జరుగుతోంది. ఈసారి పిల్లలతో వెళ్లి, ఒక ఆఫ్రికా సినిమా చూడండి. తరువాత వారి చేతికి ఫోన్ ఇచ్చి, పెరట్లోకి వచ్చే కోతులను తీయమనండి. మన వంటింట్లో అరటిపండ్లు ఎత్తుకుపోయే ఆ కోతులనే! ఒకరు హనుమంతుడని దండం పెడతారు, ఇంకొకరు రాయి విసురుతారు. కోతి మన ఇంట్లోకి వచ్చిందా, మనమే దాని చెట్ల మధ్య ఇల్లు కట్టుకున్నామా? పిల్లలను చెప్పనివ్వండి. తెలుగులో చెబితే ఇంకా సంతోషం.